ఒకే పెట్టెలో గేర్‌బాక్సూ డిఫరెన్షియలూ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా కారు సర్వీసు బిల్లులో "ట్రాన్సాక్సిల్ ఆయిల్ మార్పు" అని ఉంది. గేర్‌బాక్స్ ఆయిల్ మాటే లేదు. అడిగితే "రెండూ ఒకటేనండీ" అన్నారు. గేర్‌బాక్స్ వేరు, డిఫరెన్షియల్ వేరు అని చిన్నప్పుడు చదువుకున్నాను. రెండూ ఒకటెలా అవుతాయి? ఒకే ఆయిల్ రెండింటికీ ఎలా సరిపోతుంది?

జవాబు: వాళ్లు చెప్పింది నిజమే. ఇంజిన్ ముందుండి, ముందు చక్రాలే బండిని లాగే కార్లలో దాదాపు అన్నిటిలోనూ గేర్లు, ఫైనల్ డ్రైవ్ (చక్రాలకు పోయే ముందు వేగం తగ్గించే చివరి గేర్ల జత), డిఫరెన్షియల్ (మలుపులో రెండు చక్రాలనీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు) మూడూ ఒకే అల్యూమినియం హౌసింగ్‌లో ఉంటాయి. ఆ మొత్తం పెట్టె పేరే ట్రాన్సాక్సిల్. మీరు చదువుకున్నదీ తప్పు కాదు. ఇంజిన్ వెనక చక్రాలను తిప్పే పాత కార్లలో అవి నిజంగానే వేర్వేరు చోట్ల ఉండేవి, వేర్వేరు ఆయిల్ తాగేవి. మీ చివరి ప్రశ్న చాలా మంచిది. నా ఉద్యోగ జీవితమంతా ఈ పెట్టెలు విప్పి బిగించడంలోనే గడిచింది కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెబుతాను.

ఇంజిన్ బలం క్లచ్ దాటి ఇన్‌పుట్ షాఫ్ట్‌లోకి వస్తుంది. దానికి సమాంతరంగా ఇంకో షాఫ్ట్ ఉంటుంది. ఈ రెండింటి మీదా జతలు జతలుగా గేర్లు ఉంటాయి. అవన్నీ ఎప్పుడూ ఒకదాన్నొకటి పట్టుకునే తిరుగుతుంటాయి, కానీ ప్రతి జతలోనూ ఒక గేరు షాఫ్ట్ మీద వదులుగా ఉంటుంది. మీరు గేర్ మార్చినప్పుడు లోపల గేర్లు ఒకదాని దగ్గరికి ఒకటి జరగవు. స్లీవ్ అనే కడియం జరిగి, మీరు ఎంచుకున్న గేరును షాఫ్ట్‌కి కట్టేస్తుంది. కట్టే ముందు ఆ రెండింటి వేగమూ ఒకటి కావాలి. ఆ పని సింక్రోనైజర్ రింగ్‌ది. అది గేరు పక్కనున్న కోన్‌కి రాసుకుని, ఆ రాపిడితోనే వేగాలు కలుపుతుంది. ఈ రాపిడి సంగతి గుర్తుంచుకోండి, ఆయిల్ దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

రెండో షాఫ్ట్ చివర చిన్న పినియన్ ఉంటుంది. అది పక్కనే ఉన్న పెద్ద రింగ్ గేర్‌ని తిప్పుతుంది. ఇదే ఫైనల్ డ్రైవ్. అంకెల్లో చూద్దాం. చిన్న కారులో మొదటి గేరు నిష్పత్తి సుమారు 3.5, ఫైనల్ డ్రైవ్ సుమారు 4 అనుకోండి. రెండూ గుణిస్తే 14. అంటే ఇంజిన్ 14 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. ఇంజిన్ నిమిషానికి 2,800 చుట్లు తిరుగుతుంటే చక్రం 200 చుట్లే. టైరు చుట్టుకొలత 1.8 మీటర్లయితే బండి వేగం గంటకు 22 కిలోమీటర్ల లోపే. వేగం అంత తగ్గింది కాబట్టి తిప్పే బలం, రాపిడికి పోయింది పోగా, దాదాపు 14 రెట్లు పెరుగుతుంది. ఆగిన బండి కదలడానికి కావలసింది ఆ బలమే. అదే అయిదో గేరు నిష్పత్తి 0.8 అయితే మొత్తం 3.2 అవుతుంది. ఇంజిన్ 3,200 చుట్లు తిరిగితే చక్రం 1,000 చుట్లు. వేగం గంటకు 108 కిలోమీటర్లు. గేరు మారినా ఫైనల్ డ్రైవ్ మాత్రం మారదు. ఏ గేరులో ఉన్నా బలమంతా ఆ ఒక్క జత పళ్ల మీదుగానే పోవాలి.

రింగ్ గేర్‌కి బిగించి ఉండేదే డిఫరెన్షియల్. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కన్నా ఎక్కువ దూరం పోవాలని అందరికీ తెలుసు. ఎంత ఎక్కువో లెక్క కడితే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. రెండు చక్రాల మధ్య దూరం 1.4 మీటర్లయితే, బండి 90 డిగ్రీలు తిరిగేసరికి బయటి చక్రం సుమారు 2.2 మీటర్లు ఎక్కువ నడుస్తుంది. ఇరుకు సందులో తిప్పినా, విశాలమైన రోడ్డు మీద నెమ్మదిగా తిప్పినా ఆ తేడా అంతే ఉంటుంది. మలుపు ఎంత పెద్దదన్న దానితో పని లేదు. రెండు చక్రాలనీ ఒకే ఇరుసుకు బిగిస్తే ఆ 2.2 మీటర్లూ ఏదో ఒక టైరు నేల మీద ఈడ్చుకుపోవాల్సిందే. డిఫరెన్షియల్‌లోని స్పైడర్ గేర్లు ఆ ఈడ్పును తప్పిస్తాయి. ఒక చక్రం ఎంత వేగం తగ్గితే రెండోది అంత పెరుగుతుంది, సగటు మాత్రం రింగ్ గేర్ వేగమే. బండిని స్టాండ్ల మీద ఎత్తి, ఇంజిన్ ఆపి, గేరులో ఉంచి ఒక ముందు చక్రాన్ని చేత్తో తిప్పితే రెండోది ఎదురు దిశలో తిరుగుతుంది. పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలకి నేను బొమ్మలు గీయకుండా ముందు ఇదే చూపించేదాన్ని. అది చూశాక డిఫరెన్షియల్ గురించి ఎవరూ మళ్లీ అడిగేవారు కాదు.

ఇక ఆయిల్. వెనక చక్రాల కారులో పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్ బండి పొడవునా వస్తుంది, ఇరుసు మాత్రం అడ్డంగా ఉంటుంది. కాబట్టి బలాన్ని 90 డిగ్రీలు మళ్లించాలి. దానికి వాడే హైపాయిడ్ క్రౌన్, పినియన్ పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడంతో పాటు నిలువునా జారుతాయి కూడా. అంత ఒత్తిడి కింద జారే పళ్ల మధ్య మామూలు ఆయిల్ పొర నిలవదు. అందుకే అక్కడ ఘాటైన రసాయనాలు కలిపిన జీఎల్-5 రకం ఆయిల్ పోస్తారు. మీ కారులో ఇంజిన్ అడ్డంగా ఉంది కదా. దాని షాఫ్టూ, గేర్ల షాఫ్టూ, చక్రాల ఇరుసూ అన్నీ ఒకే దిశలో సమాంతరంగా ఉన్నాయి. మళ్లించాల్సిన మూలే లేదు. కాబట్టి రింగ్ గేర్‌కి కూడా మిగతా గేర్ల లాంటి ఏటవాలు పళ్లే సరిపోతాయి. గేర్లకు పనికొచ్చిన ఆయిలే దానికీ పనికొస్తుంది.

దీన్ని తిరగేసి "జీఎల్-5 ఇంకా బలమైనది కదా, అదే పోయండి" అని అడిగేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. సింక్రోనైజర్ రింగు రాసుకోవాలి, పట్టుకోవాలి. మరీ జారిపోయే ఆయిల్ పోస్తే అది పట్టుకోలేదు, గేరు వేస్తున్నప్పుడు గర్రుమంటుంది. పైగా ఆ ఘాటు రసాయనాల్లో కొన్ని రకాలు ఇత్తడి రింగులను తినేస్తాయి. కంపెనీ పుస్తకంలో ఏ రకం, ఎంత చిక్కదనం అని రాసి ఉందో అదే పోయించండి.

ఒకే పెట్టె అయినందుకు వచ్చే కష్టం కూడా చెప్పాలి. సింక్రోనైజర్ రింగు అరిగితే ఆ పొడి ఆయిల్‌లో కలుస్తుంది. అదే ఆయిల్ డిఫరెన్షియల్ బేరింగులకూ పోతుంది. పాత పద్ధతిలో గేర్‌బాక్స్ జబ్బు గేర్‌బాక్స్‌లోనే ఉండిపోయేది. ఇక్కడ ఒకరి అరుగుదల అందరినీ అరగదీస్తుంది. డ్రెయిన్ ప్లగ్ చివర చాలా కార్లలో అయస్కాంతం ఉంటుంది. ఆయిల్ మార్చేటప్పుడు దగ్గరుండి దాన్ని చూడండి. సన్నటి బూడిద రంగు ముద్ద అంటుకుని ఉంటే మామూలే. వేలికి గుచ్చుకునే పలుకులు ఉంటే మాత్రం ఆయిల్ మార్చి ఊరుకోకూడదు, పెట్టె విప్పి చూడాలి. మీరే మార్చుకునేవారైతే ఇంకో మాట: కింది ప్లగ్ విప్పే ముందు పైన ఆయిల్ పోసే ప్లగ్ ఊడుతుందో లేదో చూసుకోండి. అది తుప్పుపట్టి బిగుసుకుపోతే, ఆయిల్ అంతా నేలపాలయ్యాక బండి కదపలేరు.

ప్రశ్న: నేను డిప్లొమా విద్యార్థిని. గేర్‌బాక్స్‌నీ డిఫరెన్షియల్‌నీ ఒకచోటికి తేవాలన్న ఆలోచన ఎక్కడ మొదలైంది? ముందు చక్రాల కార్లలోనే వాడతారనుకున్నాను, కానీ స్పోర్ట్స్ కార్లలో వెనక కూడా ఉంటుందట. ఎందుకు?

జవాబు: ఒకే సూత్రం గుర్తుంచుకో అమ్మా. ఇంజిన్ ఎక్కడుందో, అది తిప్పే చక్రాలు అక్కడే ఉంటే ట్రాన్సాక్సిల్ దానంతట అదే వచ్చేస్తుంది. రెండు పెట్టెలను కలిపే పొడవాటి షాఫ్ట్ అవసరం ఉండదు కాబట్టి రెండూ ఒకటైపోతాయి. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ చూడు. ఇంజిన్ వెనకే, చక్రాలూ వెనకే. ఇంజిన్‌కి ముందు గేర్లు, రెండింటి మధ్య డిఫరెన్షియల్. 2003 దాకా ఆ రకం కార్లు 2 కోట్ల 10 లక్షలకు పైగా తయారయ్యాయి. సిట్రోయెన్ ట్రాక్షన్ అవాంట్ 1934లోనే ఇదే కూర్పును ముందుకు తెచ్చి ముందు చక్రాలను తిప్పింది.

కానీ ఈరోజు రోడ్ల మీద కనిపించే మామూలు కారు రూపానికి కారణం వేరే రెండు బళ్లు. 1959లో అలెక్ ఇసిగోనిస్ మినీ కారులో ఇంజిన్‌ని అడ్డంగా తిప్పి పెట్టాడు. గేర్లు పెట్టడానికి పక్కన చోటు లేక వాటిని ఇంజిన్ కింద, ఆయిల్ నిలిచే సంపులోనే అమర్చాడు. కారు పొడవు 10 అడుగులు, లోపల నలుగురికి చోటు. అద్భుతమైన పనే, కానీ ఇంజిన్ ఆయిలే గేర్లకు కూడా వాడాల్సి వచ్చింది. గేర్ల పళ్ల మధ్య నలిగితే ఇంజిన్ ఆయిల్ త్వరగా పలచబడుతుంది. దీనికి సరైన జవాబు ఫియట్ ఇంజినీర్ డాంటే జాకోసా ఇచ్చాడు. 1964లో వచ్చిన ఆటోబియాంకి ప్రిమ్యులాలో అడ్డంగా పెట్టిన ఇంజిన్ చివరనే ట్రాన్సాక్సిల్ బిగించాడు. ఇంజిన్ ఆయిల్ దానిది, గేర్ ఆయిల్ దీనిది. 1969లో ఫియట్ 128 అదే పద్ధతిలో పెద్ద ఎత్తున వచ్చింది. ప్రపంచంలో ముందు చక్రాల కార్లన్నీ దాదాపు ఆ బాటే పట్టాయి. మినీకి వచ్చినంత పేరు ప్రిమ్యులాకి రాలేదు. నా దృష్టిలో అది అన్యాయం. మనం రోజూ ఎక్కే బండి కూర్పు జాకోసాదే.

ఆ కూర్పులో ఒక చిక్కు మిగిలింది. ట్రాన్సాక్సిల్ ఒక పక్కకు ఉండడంతో రెండు చక్రాలకు పోయే డ్రైవ్ షాఫ్టుల్లో ఒకటి పొట్టి, ఒకటి పొడుగు అయ్యాయి. బలమైన ఇంజిన్ ఉన్న కారులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే స్టీరింగ్ ఒక పక్కకు లాగుతుంది. అందుకే కొన్ని కార్లలో మధ్యలో ఇంకో చిన్న షాఫ్ట్ పెట్టి, రెండు పక్కలా సమాన పొడవు వచ్చేలా చేస్తారు.

ఇక నువ్వు అడిగిన స్పోర్ట్స్ కార్లు. ఇంజిన్ ముందుండి వెనక చక్రాలు తిరిగేటప్పుడు రెండింటినీ కలపాల్సిన అవసరం లేదు. అయినా కావాలనే గేర్‌బాక్స్‌ని వెనక్కి తీసుకుపోయి డిఫరెన్షియల్‌తో కలుపుతారు. బరువు కోసం. ముందు ఇంజిన్, వెనక ట్రాన్సాక్సిల్ ఉంటే ముందూ వెనకా చక్రాల మీద బరువు దాదాపు సమానమవుతుంది. వెనక చక్రాల మీద బరువు పెరిగింది కాబట్టి అవి నేలను బాగా పట్టుకుంటాయి. 1950లో లాంచియా ఆరేలియా, 1972లో ఆల్ఫా రోమియో ఆల్ఫెట్టా, 1976లో పోర్షె 924, మరుసటి ఏడాది 928, 1997లో అయిదో తరం కార్వెట్ అన్నీ ఈ దారిలోనే వచ్చాయి. మధ్యలో 1961లో పాంటియాక్ టెంపెస్ట్ ఒక సాహసం చేసింది. తిన్నటి షాఫ్ట్ బదులు సన్నటి ఉక్కు షాఫ్ట్‌ని నేల కింద విల్లులా వంచి తిప్పింది. కారు లోపల నడిమి గుబ్బ తగ్గించడానికి అలా చేశారు. వంగిన కడ్డీ అలా తిరుగుతూ ఇంజిన్ బలమంతా మోసిందంటే ఆ ఉక్కు మీద గౌరవం కలుగుతుంది.

నువ్వు పరీక్షలో రాయడానికి కాదు గానీ, బుర్రలో పెట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. గేర్లు వెనక్కి పోయాక మధ్య షాఫ్ట్ చక్రాల వేగంతో కాక ఇంజిన్ వేగంతో తిరుగుతుంది. క్లచ్ ఎక్కడ పెట్టాలన్నది అప్పుడు పెద్ద నిర్ణయం. క్లచ్ ఇంజిన్ దగ్గరే ఉంటే, గేరు మార్చిన ప్రతిసారీ ఆ పొడవాటి షాఫ్ట్ వేగాన్ని కూడా సింక్రోనైజర్ రింగులే మార్చాలి. ఆల్ఫెట్టాలో క్లచ్‌ని కూడా వెనక్కి తీసుకుపోయారు. ఆ భారం తప్పింది గానీ షాఫ్ట్ ఎప్పుడూ ఇంజిన్‌తో పాటే తిరుగుతుంటుంది, దాని బ్యాలెన్స్ ఏమాత్రం తప్పినా బండంతా వణుకుతుంది. ఏది ఎంచుకున్నా ఏదో ఒకటి భరించాలి. నిస్సాన్ 2007లో తెచ్చిన జీటీ-ఆర్ కథ ఇంకా దూరం పోయింది. ఇంజిన్ ముందు, ట్రాన్సాక్సిల్ వెనక, నాలుగు చక్రాలూ తిరగాలి. కాబట్టి బలం ఒక షాఫ్ట్ మీద వెనక్కి పోయి, ఇంకో షాఫ్ట్ మీద మళ్లీ ముందుకు వస్తుంది.

కార్లు కాకుండా అంటే, పొలం ట్రాక్టర్ వెనక భాగం ఎప్పుడైనా చూడు. 1917 నాటి ఫోర్డ్‌సన్ నుంచి ట్రాక్టర్లలో గేర్లు, డిఫరెన్షియల్, ఇరుసు హౌసింగులన్నీ ఒకదానికొకటి బిగించి, వాటినే బండికి వెన్నెముకగా వాడుతున్నారు. విడిగా ఛాసీ కూడా ఉండదు.

ప్రశ్న: కారు నడుస్తుంటే ముందు నుంచి మోత వస్తోంది. ఒకరు గేర్‌బాక్స్ అంటారు, ఒకరు బేరింగ్ అంటారు, ఇంకొకరు జాయింట్ అంటారు. టెన్షన్‌గా ఉంది. విప్పకుండా తెలుసుకునే దారి ఉందా?

జవాబు: చాలావరకు ఉంది. మోత ఎప్పుడు వస్తోంది, ఏం చేస్తే ఆగుతోంది అన్నది గమనించండి.

బండి ఆగి ఉండి, న్యూట్రల్‌లో ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు మోత వచ్చి, క్లచ్ తొక్కగానే ఆగితే ముందు ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్‌ని అనుమానించాలి. అదే క్లచ్ తొక్కినప్పుడే మొదలైతే క్లచ్‌ని విడదీసే రిలీజ్ బేరింగ్. ఒక్క గేరులోనే వచ్చి మిగతావాటిలో లేకపోతే ఆ గేరు జతే. ఏ గేరులో ఉన్నా, న్యూట్రల్ చేసి బండిని దొర్లనిచ్చినా బండి వేగంతో పాటే పెరిగితే ఫైనల్ డ్రైవ్ వైపు గానీ, చక్రం బేరింగ్ గానీ. ఈ రెండింటిలో ఏదో తేల్చడానికి ఖాళీ రోడ్డు మీద మెల్లగా కుడికీ ఎడమకీ ఊపి చూడండి. బరువు మారినప్పుడు మోత మారితే ఎక్కువగా చక్రం బేరింగే అయి ఉంటుంది.

స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలినప్పుడు టక్ టక్ మని వస్తే అది ట్రాన్సాక్సిల్ లోపలిది కాదు. డ్రైవ్ షాఫ్ట్ బయటి చివరనున్న సీవీ జాయింట్. 1920లలో ఆల్ఫ్రెడ్ రెజెపా రూపొందించిన పద్ధతి అది. సాధారణంగా ఆరు ఉక్కు గోళీలుంటాయి, చక్రం ఎంత పక్కకు తిరిగినా వేగం ఒకేలా అందిస్తాయి. దాని మీదుండే రబ్బరు బూట్ చిరిగితే గ్రీజు బయటికి చిమ్ముతుంది, ఇసుక లోపలికి పోతుంది, గోళీల దారులు గుంటలు పడతాయి. శబ్దం రాకముందే, చిరుగు కనిపించిన వెంటనే బూట్ మార్పిస్తే జాయింట్ బతుకుతుంది. శబ్దం మొదలయ్యాక బూట్ మార్చి లాభం లేదు.

ప్రశ్న: ఎలక్ట్రిక్ కారుకి గేర్లుండవు కదా. అయితే దానికి ట్రాన్సాక్సిల్ కూడా ఉండదా?

జవాబు: ఉంటుంది, కానీ చాలా సులువైనది. మార్చుకునే గేర్లుండవు, వేగం తగ్గించే గేర్లు తప్పకుండా ఉంటాయి. మోటార్ నిమిషానికి 10,000 చుట్లు దాటి తిరగగలదు, చక్రం అంత వేగంతో తిరగలేదు. చాలా కార్లలో సుమారు 8 నుంచి 10 మధ్య ఉండే ఒకే నిష్పత్తితో ఆ వేగాన్ని రెండు మెట్లలో తగ్గించి, దాని పక్కనే డిఫరెన్షియల్ పెడతారు. మోటార్‌తో కలిపి అదంతా ఒకే ముద్దగా ఇరుసు దగ్గర కూర్చుంటుంది. లోపల ఆయిల్ కూడా ఉంటుంది. "ఎలక్ట్రిక్ బండికి ఆయిల్ పనే లేదు" అన్న మాట నమ్మి ఆ పెట్టెను మర్చిపోకండి.

హైబ్రిడ్‌లది మరో దారి. 1997లో వచ్చిన టొయోటా ప్రియస్ ట్రాన్సాక్సిల్ నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఇంజిన్‌నీ రెండు మోటార్లనీ ఒకే ఒక్క ప్లానెటరీ గేర్ సెట్ (నడిమి గేరు చుట్టూ చిన్న గేర్లు తిరిగే అమరిక) కలుపుతుంది. క్లచ్ లేదు, మార్చే గేర్లు లేవు. ఇంజిన్ తిప్పే బలంలో సుమారు 72 శాతం నేరుగా చక్రాల వైపు, మిగతా 28 శాతం జనరేటర్ వైపు పోతుంది. జనరేటర్ వేగాన్ని మారిస్తే చాలు, గేరు మారినట్టే. అంత తక్కువ భాగాలతో అంత పని చేసే పెట్టెను నేను ఇంకొకటి చూడలేదు.

ప్రశ్న: ఆటోమేటిక్ కారు దారిలో ఆగిపోతే తాడు కట్టి లాగించవచ్చా? న్యూట్రల్‌లో పెడితే ఏమీ కాదంటారు.

జవాబు: ముందు చక్రాలు తిరిగే ఆటోమేటిక్ అయితే ముందు చక్రాలు నేల మీద ఉండగా లాగించకండి. న్యూట్రల్‌లో పెట్టినా చక్రాలతో పాటు లోపల డిఫరెన్షియల్, కొన్ని గేర్లు తిరుగుతూనే ఉంటాయి. వాటికి ఆయిల్ అందించే పంపును తిప్పేది ఇంజిన్. అది ఆగి ఉంది కాబట్టి ఆయిల్ అందదు. కొంతదూరం పోయేసరికి వేడెక్కి బేరింగులూ, బుష్‌లూ కాలిపోవచ్చు. మాన్యువల్ కారులో రింగ్ గేరే ఆయిల్‌ని చిమ్ముతుంది కాబట్టి ప్రమాదం తక్కువ. దానికీ కంపెనీ పుస్తకంలో దూరం, వేగం పరిమితులు ఉంటే అవి దాటకూడదు.

ఎలక్ట్రిక్ బండిలో ఇంకో ప్రమాదం ఉంది. చక్రాలు తిరిగితే మోటార్ కూడా తిరిగి కరెంటు పుట్టించవచ్చు, అది లోపలి ఎలక్ట్రానిక్స్‌ని పాడుచేయవచ్చు. ఏ బండి అయినా సరే, ఇంజిన్ గానీ మోటార్ గానీ తిప్పే చక్రాలు నేలకు తగలకుండా ఎత్తి తీసుకుపోవడమే మేలు. నాలుగు చక్రాలూ తిరిగే కారైతే మొత్తం బండిని ఫ్లాట్‌బెడ్ లారీ మీదకి ఎక్కించాల్సిందే. లారీ వచ్చేదాకా హజార్డ్ లైట్లు వేసి, మీరు మాత్రం రోడ్డుకు దూరంగా నిలబడండి.